'విష్ యూ వర్ హియర్' ఆల్బమ్: అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పింక్ ఫ్లాయిడ్ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఈ ప్రశ్నలు రాకుండా ఉండవు. కొన్ని నిన్నగాక మొన్న వినడం మొదలుపెట్టినవాళ్ళవి, కొన్ని ఇరవై ఏళ్ళుగా వింటూ కూడా కొట్టుకునేవాళ్ళవి. ఒక్కచోట రాసి పెడితే ప్రతిసారీ మొదటినుంచి చెప్పే పని తప్పుతుందని రాశాను. వివరాలు అందరివీ, ఇష్టాయిష్టాలు మాత్రం నావి.

అసలు ఏ ఆల్బమ్ ఇది? రెండు ముక్కల్లో చెప్పండి.

ఇంగ్లండ్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1975 సెప్టెంబర్‌లో విడుదల చేసిన ఆల్బమ్. నిడివి 44 నిమిషాల చిల్లర. పాటలు నాలుగే: 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్', 'వెల్కమ్ టు ది మెషీన్', 'హ్యావ్ ఎ సిగార్', 'విష్ యూ వర్ హియర్'. మొదటి పాటను రెండుగా విడగొట్టి ఒక సగం ఆల్బమ్ మొదట్లో, రెండో సగం చివర్లో పెట్టారు కాబట్టి లిస్టులో ఐదు కనిపిస్తాయి. రికార్డింగ్ లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో, 1975 జనవరి నుంచి జులై దాకా.

ఎవరెవరు వాయించారు?

రోజర్ వాటర్స్ బేస్, డేవిడ్ గిల్మర్ గిటార్, రిచర్డ్ రైట్ కీబోర్డ్స్, నిక్ మేసన్ డ్రమ్స్. సాహిత్యం మొత్తం వాటర్స్‌దే. శాక్సోఫోన్ డిక్ ప్యారీ. వెనక గొంతులు వెనెటా ఫీల్డ్స్, కార్లీనా విలియమ్స్. ఇంకో ఇద్దరు అతిథులున్నారు, వాళ్ళ సంగతి కిందకి వస్తుంది.

'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఉండగా జనం దీన్ని ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు?

వీళ్ళ అంతకుముందు ఆల్బమ్ 'డార్క్ సైడ్' 1973లో వచ్చి ఆ నలుగురి బతుకులూ మార్చేసింది. అమెరికా చార్టుల్లో ఏళ్ళ తరబడి దిగకుండా కూర్చుంది. చిన్నప్పటినుంచి కన్న కలలన్నీ ఒక్కసారి తీరిపోతే మనిషికి ఏమవుతుంది? వీళ్ళకి అదే అయింది. డబ్బు వచ్చింది, పేరు వచ్చింది, తర్వాత ఏం చేయాలో తోచలేదు. 1975 మొదట్లో స్టూడియోకి వచ్చేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, బాణాలు విసిరే ఆట ఆడుకునేవాళ్ళు, ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. మేసన్ పెళ్ళి అప్పటికే బీటలు వారుతోంది, ఆ దిగులు వాయించడంలోనూ కనిపించేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ ఖాళీతనాన్ని దాచిపెట్టి పైపైన ఇంకో హిట్ ఆల్బమ్ వండి వడ్డించొచ్చు. వీళ్ళు ఆ ఖాళీనే పాట కట్టారు. నాకు 'డార్క్ సైడ్' అంటే గౌరవం, ఇదంటే ఇష్టం. ఒకటి బాగా కట్టిన ఇల్లు, రెండోది మనుషులు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లు. గిల్మర్, రైట్ ఇద్దరూ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో తమకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదేనని చెప్పినవాళ్ళే. కాబట్టి నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి కాదు.

సిడ్ బారెట్ ఎవరు? ప్రతి పాట దగ్గరా ఆయన పేరు ఎందుకు వస్తుంది?

పింక్ ఫ్లాయిడ్‌కి ఆ పేరు పెట్టింది ఆయనే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపాడు. అసలు పేరు రోజర్ కీత్ బారెట్, 1946లో కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు ఆయన రాసినవే. చూడ్డానికి అందగాడు, ముందు నిలబడి పాడేవాడు, బ్యాండ్ అంటే జనానికి ఆయనే.

ఏడాది తిరక్కుండానే మనిషి మారిపోయాడు. ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు విపరీతంగా వాడడం, దానికి తోడు మానసిక ఇబ్బంది. స్టేజీ మీద పాట నడుస్తుంటే ఒకే తీగ మీటుతూ ఎటో చూస్తూ నిలబడేవాడు. సాయంగా ఉంటాడని అతని కేంబ్రిడ్జ్ స్నేహితుడు గిల్మర్‌ని తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు ఐదుగురు. 1968లో ఒకరోజు ప్రోగ్రామ్‌కి వెళ్తూ దారిలో సిడ్‌ని ఎక్కించుకోవాలా అని ఎవరో అడిగితే, వద్దులే అనుకుని ముందుకు పోయారు. అంతే, అలా ముగిసింది. తర్వాత ఆయన సొంత ఆల్బమ్‌లు రెండు 1970లో వచ్చాయి, వాటికి గిల్మర్, వాటర్స్, రైట్ తలో చెయ్యీ వేశారు. ఆ తర్వాత ఆయన కేంబ్రిడ్జ్‌లో బొమ్మలు గీసుకుంటూ, తోటపని చేసుకుంటూ, పాటల లోకానికి దూరంగా ఉండిపోయాడు. 2006 జులైలో పోయాడు.

ఎక్కించుకోకుండా వెళ్ళిపోయిన ఆ కారే ఈ ఆల్బమ్‌లో తిరుగుతూ ఉంటుందని నాకనిపిస్తుంది.

రికార్డింగ్ జరుగుతుండగా సిడ్ స్టూడియోకి వచ్చాడట. నిజమా, అభిమానులు అల్లిన కథా?

నిజం. 1975 జూన్ 5 అని చెబుతారు. ఆబీ రోడ్‌లో 'షైన్ ఆన్' మీద పని జరుగుతోంది. అంటే సాక్షాత్తూ సిడ్ గురించి రాసిన పాట. కంట్రోల్ రూమ్‌లో లావుపాటి మనిషి ఒకడు తిరుగుతున్నాడు. గుండు. కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. పాత కోటు, చేతిలో ప్లాస్టిక్ సంచి. స్టూడియోవాళ్ళ మనిషేమో అని ఒకరు, నీ ఫ్రెండా అని ఇంకొకరు. కాసేపటికి గాని ఒకరి తర్వాత ఒకరికి వెలగలేదు. ఏడేళ్ళ కిందట తమ ముందు నిలబడి పాడిన మనిషి, 29 ఏళ్ళవాడు, పక్కనే ఉంటే పోల్చుకోలేకపోయారు.

కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ రోజు తీసిన ఫొటో ఉంది, చూస్తే మనకే గుండె పట్టేస్తుంది. ఆయన ఏమన్నాడు, పాట విని ఎలా ఉందన్నాడు అనే దగ్గర మాత్రం ఎవరి జ్ఞాపకం వాళ్ళది. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఏ సినిమా రచయితైనా ఈ సీన్ రాసి పట్టుకెళ్తే 'మరీ నాటకీయంగా ఉంది, తీసెయ్' అంటారు.

ఒక చిన్న సవరణ. సిడ్ వచ్చి వెళ్ళాక ఆ పాట రాశారని చాలామంది అంటుంటారు. కాదు. 1974లోనే ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో కచేరీల్లో వాయించారు. పాట ముందు, మనిషి తర్వాత.

అయితే ఆల్బమ్ మొత్తం సిడ్ గురించేనా?

'షైన్ ఆన్' ఆయన గురించే. మధ్యలో ఉన్న 'మెషీన్', 'సిగార్' రెండూ సంగీత వ్యాపారం మీద వాటర్స్ కక్కిన మంట. టైటిల్ సాంగ్‌లో సిడ్ కొంత ఉన్నాడు, వాటర్స్ తనతో తాను మాట్లాడుకోవడం కొంత ఉంది. అన్నిటినీ కలిపే దారం ఒకటే, 'లేకపోవడం': ఉండాల్సినవాడు లేకపోవడం, ఉన్నవాళ్ళు కూడా మనసు పెట్టకపోవడం. ఈ రెండోది తక్కువమంది పట్టించుకుంటారు. స్టూడియోలో నలుగురూ ఉన్నారు, ఒక్కరూ అక్కడ లేరు. ఇది నేను కనిపెట్టింది కాదు, బ్యాండ్ సభ్యులే చెప్పుకున్నది.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో సెలవులకు సముద్రం ఒడ్డుకి వెళ్ళినవాళ్ళు ఇంటికి పోస్ట్‌కార్డు పడేస్తూ రాసే మాట ఇది. 'నువ్వూ ఇక్కడ ఉంటే బాగుండేది'. నిజంగా ఉండాలని కాదు, రాయాలి కాబట్టి రాస్తారు. మన ఉత్తరాల్లో 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను' ఎలాగో అలాగ. అరిగిపోయిన ఆ ముక్కని తీసుకుని దానికి మళ్ళీ ప్రాణం పోశారు.

అందరూ 'నాలుగు స్వరాలు' అంటుంటారు. ఏమిటా గోల?

ఆల్బమ్ మొదలై దాదాపు నాలుగు నిమిషాలు గడిచాక గిటార్ ఒక్కటే వినిపిస్తుంది, నాలుగంటే నాలుగే స్వరాలు. కాస్త ఆగి మళ్ళీ అవే. మళ్ళీ అవే. తర్వాత డ్రమ్స్ దభీమని పడతాయి. అభిమానులు 'సిడ్ థీమ్' అని పిలుచుకునేది దీన్నే. 1974లో రిహార్సల్ చేస్తుండగా గిల్మర్ వేళ్ళ కింద యథాలాపంగా పడిన ముక్క అది. వాటర్స్ చెవిన పడి, అదేమిటి మళ్ళీ వాయించు అన్నాడు. పాట అక్కడినుంచి పెరిగింది.

కర్ణాటక సంగీతం కాస్తయినా నేర్చుకున్నవాళ్ళ కోసం: పాట జి మైనర్‌లో, అంటే దిగులు పలికించే పాశ్చాత్య స్వరాల వరసలో ఉంది, కాబట్టి జి ని షడ్జమం అనుకోండి. అప్పుడా నాలుగూ గ, ని, స, ద. గాంధారం సాధారణం, మధ్య స్థాయిలో. అక్కడినుంచి అదే స్థాయిలో పైనున్న కైశికి నిషాదానికి దూకి, కిందకి దిగి షడ్జమం తాకి, మంద్ర స్థాయి చతుశ్రుతి ధైవతం మీద వదిలేస్తాడు. స్వరాలన్నీ ఖరహరప్రియలోవే. అలాగని ఇది ఖరహరప్రియ అంటే మా సంగీతం మాస్టారు బెత్తం తీసుకుంటారు. గమకం లేదు, సంచారం లేదు, ఆ రాగం ముఖం ఎక్కడా కనిపించదు.

కిటుకంతా ఆ చివరి ధైవతంలో ఉంది. అంతసేపూ మైనర్ దిగులు చెవికి అలవాటై ఉంటుంది, ఆ దిగులుకి సరిపడే మెట్టు శుద్ధ ధైవతం. దానికి అరమెట్టు పైన ఆపి, తీగలన్నీ అలాగే మోగుతుండగా చెయ్యి తీసేస్తాడు. ఏడుపూ కాదు, ఓదార్పూ కాదు. ఎవరో ఏదో అడగబోయి గడప దగ్గరే నిలబడిపోయినట్టు ఉంటుంది. హార్మోనియం ఉంటే ఒకసారి మెల్లగా నొక్కి చూడండి, ధైవతం దగ్గర వేలు తీయకుండా పది లెక్కపెట్టండి. తర్వాత శుద్ధ ధైవతంతో ప్రయత్నించండి. చప్పబడిపోతుంది.

మొదట్లో చాలాసేపు ఏమీ జరగదేం? పాట ఎప్పుడు మొదలవుతుంది?

అదే పాట. మాటలు వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు దాటుతాయి. కొత్తవాళ్ళు ఇక్కడే ఫోన్ తీసి ముందుకి జరుపుతారు.

మా ఊళ్ళో ఒక క్యాసెట్ షాపు ఉండేది. పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ డబ్బులు కడితే రెండు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. నా మొదటి 'విష్ యూ వర్ హియర్' అక్కడిదే. రెండేళ్ళు విన్నాను. పాట గిటార్‌తో మొదలవుతుందని నమ్మాను. హాస్టల్‌లో సీనియర్ అన్న దగ్గర సీడీ వింటుంటే ముందు ఇంకో రెండు నిమిషాలుంది! సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు షాపాయన్ని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా 'ముందంతా ఖాళీగా గుయ్ అంటోంది బాబూ, టేపు వేస్ట్ అని కోసేశా' అన్నాడు.

ఆ 'గుయ్' లేకపోతే గిటార్ ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటుంది. రైట్ సింథసైజర్లతో, అంటే కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డులతో, అడుగున ఒకే కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాలు) పట్టుకుని ఉంటాడు, తంబూరా శ్రుతి పట్టినట్టు. దాని మీద ఒక్కో స్వరం ఆచితూచి. మనం ఆలాపన వినే చెవితో వింటే అది ఖాళీ అనిపించదు. రాక్ పాట వినే తొందరతో వింటే షాపాయనే రైటు.

ఆ మొదటి శబ్దంలో గాజు గ్లాసులున్నాయని విన్నాను?

ఉన్నాయి. 'డార్క్ సైడ్' అయ్యాక వీళ్ళకి ఒక వింత ఆలోచన వచ్చింది. వాయిద్యాలు ముట్టుకోకుండా ఇంట్లో దొరికే వస్తువులతోనే ఆల్బమ్ చేద్దామని. రబ్బరు బ్యాండ్లు సాగదీసి మీటారు, స్ప్రే డబ్బాలు కొట్టారు, వైన్ గ్లాసుల్లో వేర్వేరు మట్టాల్లో నీళ్ళు పోసి అంచు మీద తడి వేలు తిప్పారు. మన జలతరంగం తెలిసినవాళ్ళకి నవ్వొస్తుంది. వారాలు గడిచినా రెండు ముక్కలకంటే ముందుకు సాగక వదిలేశారు. ఆ గ్లాసుల మోత మాత్రం పారేయకుండా ఇక్కడ వాడుకున్నారు. 2011లో వచ్చిన ఎడిషన్‌లో దాన్ని విడిగా వినొచ్చు.

ఒకే పాటను రెండు ముక్కలు ఎందుకు చేశారు?

పాట మొత్తం 26 నిమిషాలు. ఎల్పీ అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు. గిల్మర్ ఒక వైపు దీన్ని పూర్తిగా ఉంచి, రెండో వైపు అప్పటికే కచేరీల్లో వాయిస్తున్న మరో రెండు పాటలు పెడదామన్నాడు. వాటర్స్ వద్దన్నాడు. ఆ రెండూ ఈ కథలో ఇమడవు, దీన్ని నరికి మధ్యలో కొత్త పాటలు పెడదామన్నాడు. ఓటేసుకుంటే వాటర్స్ మాట నెగ్గింది. పక్కనపెట్టిన ఆ రెండూ పేర్లు మార్చుకుని 1977లో 'ఆనిమల్స్' ఆల్బమ్‌లో 'డాగ్స్', 'షీప్'గా వచ్చాయి. ఇద్దరి మాటా చివరికి దక్కిందన్నమాట.

రికార్డింగ్‌లో ఏదో పెద్ద పొరపాటు జరిగిందట?

రోజుల తరబడి కష్టపడి ఎక్కించిన 'షైన్ ఆన్' ట్రాకుల మీద ఎకో పొరపాటున రికార్డు అయిపోయింది. ఆ మిక్సింగ్ బల్ల ఇంజనీర్ బ్రయన్ హంఫ్రీస్‌కి కొత్త. ఎకో విడదీసే దారి లేదు. మొత్తం మళ్ళీ వాయించారు.

'వెల్కమ్ టు ది మెషీన్' చివర్లో జనం గోల ఎందుకు?

లిఫ్ట్ పైకి వెళ్ళి, తలుపు తెరుచుకుంటే పార్టీ. వ్యాపార యంత్రంలో అడుగు పెట్టిన కుర్రవాడు చేరిన చోటు. పాటంతా మోటారులా దడదడలాడే చప్పుడు సింథసైజర్‌ది. బాగా రాత్రప్పుడు, హెడ్‌ఫోన్స్‌లో వినండి. నాకు ఆల్బమ్‌లో అన్నిటికంటే తక్కువ ఇష్టమైన పాట ఇదే, కానీ తీసేస్తే ఆల్బమ్ కూలిపోతుంది.

'హ్యావ్ ఎ సిగార్' పాడింది వాటర్సా, గిల్మరా?

ఇద్దరూ కాదు, రాయ్ హార్పర్. అదే స్టూడియోలో పక్క గదిలో తన ఆల్బమ్ రికార్డు చేసుకుంటున్న జానపద రాక్ గాయకుడు. వాటర్స్ ప్రయత్నించాడు, గొంతు సహకరించలేదు. గిల్మర్ పాడనన్నాడు. నేను పాడతాను అని హార్పర్ ముందుకొచ్చాడు. తనే పాడి ఉండాల్సిందని వాటర్స్ తర్వాత చాలాకాలం గొణుక్కున్నాడు. నా మటుకు నాకు హార్పరే సరి. వెకిలి నవ్వు నవ్వుతూ భుజం మీద చెయ్యేసి, కుర్రాళ్ళని ఆకాశానికెత్తేసే మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషి పాట అది. ఆ జిడ్డు ఆయన గొంతులో చక్కగా పలికింది.

అందులో ఆ పెద్దమనిషి 'ఇంతకీ మీలో పింక్ ఎవరు?' అని అడుగుతాడు. కల్పన కాదు, బ్యాండ్‌ని కొందరు నిజంగానే అలా అడిగేవారు. తమాషా ఏమిటంటే, ఆ పేరు తెచ్చిన మనిషి ఆ గదిలో లేడు.

టైటిల్ సాంగ్ ముందు రేడియో తిప్పుతున్న చప్పుడేమిటి? నా ఫైల్ పాడైందా?

పాడవలేదు. 'సిగార్' చివర్లో పాట మొత్తం కుంచించుకుపోయి చిన్న రేడియోలో పడిపోతుంది. ఎవరో స్టేషన్లు మారుస్తుంటారు. గిల్మర్ కారు రేడియోలోంచి రికార్డు చేసింది అది. మధ్యలో ఒక్క క్షణం మెరిసే ఆర్కెస్ట్రా రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ. తర్వాత రేడియోలో పన్నెండు తీగల గిటార్ వస్తుంది, పలచగా, దూరంగా. దగ్గరలో ఎవరో దగ్గుతారు, ముక్కు ఎగపీలుస్తారు. ఆ మనిషి తన గదిలో గిటార్ తీసుకుని రేడియోతో కలిసి వాయించడం మొదలుపెడతాడు.

ఈ దగ్గర గిటార్‌కీ ఆ దూరం గిటార్‌కీ మధ్య తేడా వినండి. ఒకటి గాలి లేని డబ్బాలో ఉంది, రెండోది మీ మోకాలి పక్కన ఉంది, తీగ మీద వేలు జారిన కీచు కూడా వినపడుతుంది. రెండూ వాయించింది గిల్మరే. ఒక్క మాటైనా పాడకముందే, ఇక్కడ లేనివాడితో కలిసి వాయించడం అంటే ఏమిటో చెప్పేశాడు.

హాస్టల్‌లో గిటార్ పట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునే పాటల్లో ఇదొకటి. పెళ్ళి రిసెప్షన్లలో కూడా వాయిస్తున్నారు. విని విని నాకు కాస్త మొహం మొత్తిన మాట నిజం. కానీ విడిగా కాకుండా 'సిగార్' వెనకాలే వింటే ఇప్పటికీ పని చేస్తుంది.

టైటిల్ సాంగ్‌లో వయొలిన్ ఉందంటారు, నాకు వినపడదేం?

పాట చివర వీచే గాలి చప్పుడు అడుగున ఎక్కడో ఉంది, చెవులు రిక్కించాలి. ఆ సమయంలో వయొలిన్ విద్వాంసులు యెహుదీ మెనూహిన్, స్టెఫాన్ గ్రాపెల్లి అదే భవనంలో కలిసి రికార్డు చేస్తున్నారు. రవిశంకర్‌తో కలిసి వాయించిన ఆ మెనూహినే. వయొలిన్ వాయిస్తారా అని అడిగితే జాజ్ విద్వాంసుడు గ్రాపెల్లి సరేనన్నాడు. మిక్సింగ్ అయ్యేసరికి ఆయన వాయించింది దాదాపు మాయమైంది. వినీవినపడకుండా ఉన్నదానికి పేరు వేస్తే ఆయన్ని అవమానించినట్టని పేరు కూడా వేయలేదు. లేకపోవడం గురించిన ఆల్బమ్‌లో ఆయన వంతు కూడా అలా అయింది. వయొలిన్ పూర్తిగా ఉన్న రికార్డింగ్ 2011లో బయటకొచ్చింది. అద్భుతం, కానీ వదిలేయడమే మంచిదైందని నా అభిప్రాయం. అంత తీయగా ఉంటే పాట వేరే దారి పట్టేది.

కవర్ మీద మనిషి నిజంగా కాలుతున్నాడా?

నిజంగానే. గ్రాఫిక్స్ లేవు. హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థకి చెందిన స్టార్మ్ థోర్గర్సన్ ఊహ, ఆబ్రీ పావెల్ కెమెరా. చోటు కాలిఫోర్నియా బర్బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణ. మంటల్లో ఉన్నది రానీ రాండెల్ అనే స్టంట్‌మన్, అతనితో కరచాలనం చేస్తున్నది మరో స్టంట్‌మన్ డానీ రోజర్స్. సూటు కింద నిప్పు తగలని దుస్తులు, తల మీద విగ్గు. మామూలుగా స్టంట్‌లో పరిగెడుతూ మంట అంటించుకుంటారు, మంట వెనక్కి పోతుంది. ఇక్కడ కదలకుండా నిలబడాలి. అసలు ప్రమాదం అదే.

పదిహేనోసారి అంటించినప్పుడు గాలి మళ్ళి మంట మొహం మీదికి వచ్చింది. కనుబొమా, మీసమూ కాలాయి. ఇక చాలు బాబోయ్ అన్నాడు రాండెల్. అప్పటికే కావాల్సిన ఫొటో దొరికేసింది.

ఎందుకు కాలుతున్నాడంటే, సంగీత వ్యాపారంలో డబ్బు ఎగ్గొట్టించుకోవడాన్ని ఇంగ్లిష్‌లో 'కాలడం' అంటారు. మనం 'చెయ్యి కాలింది' అనమూ? చెయ్యి కలపడం కూడా ఉత్తుత్తిదే, మనసు అక్కడ లేదు. ఎల్పీ కవర్ దగ్గర ఉంటే కుడి అంచు చూడండి, కాగితం కూడా కాలినట్టు ముద్రించారు.

లోపల, వెనక ఉన్న బొమ్మలు కూడా ఇదే వరస. సరస్సులోకి దూకిన మనిషి, పైన కాళ్ళు మాత్రమే, నీళ్ళలో ఒక్క అల లేదు. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో యోగా తెలిసిన ఒక మనిషి తలకిందులుగా నిలబడి, అలలు సద్దుమణిగేదాకా కదలకుండా ఉన్నాడు. ఎడారిలో మొహం లేని సేల్స్‌మన్. గాలిలో ఎగిరే ఎర్ర బట్ట. నిప్పు, నీరు, మట్టి, గాలి నాలుగూ అయ్యాయి.

ఎల్పీని నల్ల కవరులో చుట్టి అమ్మారట?

అంత బొమ్మ తీసి దాన్ని కనపడకుండా నల్ల ప్లాస్టిక్‌లో చుట్టేశారు. బొమ్మ కూడా 'లేదు' అన్నమాట. కంపెనీవాళ్ళు నెత్తీనోరూ కొట్టుకున్నారు. కొన్నది ఏమిటో తెలియాలి కాబట్టి పైన ఒక స్టిక్కర్ అంటించారు, జార్జ్ హార్డీ గీసిన రెండు మరచేతుల కరచాలనం. ఆ కవర్ చించకుండా అంచు వెంబడి బ్లేడుతో కోసి, రికార్డు బయటికి లాగి వాడుకున్న అభిమానులున్నారు. ఇప్పుడు వాటి ధర అడక్కండి.

వచ్చినప్పుడు విమర్శకులు ఏమన్నారు?

చాలామంది పెదవి విరిచారు. మెలోడీ మేకర్, రోలింగ్ స్టోన్ పత్రికల సమీక్షలు చప్పగా ఉన్నాయి. జనం పట్టించుకోలేదు. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది.

ఇంగ్లిష్ సరిగ్గా రాదు. సాహిత్యం అర్థం కాకపోతే వినొచ్చా?

44 నిమిషాల్లో పాడే భాగం ఎంత? నిక్షేపంగా వినండి. మా అమ్మకి ఒక్క ముక్క అర్థం కాదు, ఆ నాలుగు స్వరాలు వస్తే మాత్రం వంటింట్లోంచి 'మళ్ళీ ఆ దిగులు పాటేనా' అంటుంది. అర్థమయినట్టే కదా.

మన దేశంలో వీటిని ప్రత్యక్షంగా వినే అవకాశం ఎప్పుడైనా వచ్చిందా?

పింక్ ఫ్లాయిడ్‌గా రాలేదు. రోజర్ వాటర్స్ రెండుసార్లు వచ్చాడు, 2002లో బెంగళూరు, 2007 ఫిబ్రవరిలో ముంబై. రెండుసార్లూ ఈ ఆల్బమ్ పాటలు వాయించాడు. బెంగళూరుకి హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుల్లో వెళ్ళినవాళ్ళ ముచ్చట్లు ఇప్పటికీ వింటుంటాను. నాకు అప్పుడు పరీక్షలు. ఆ సెమిస్టర్ మార్కులు గుర్తులేవు, వెళ్ళలేదన్నది మాత్రం గుర్తుంది.

నలుగురూ మళ్ళీ కలిశారా?

వాటర్స్ 1980లలో విడిపోయాడు, కోర్టు గొడవలు నడిచాయి. 2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీకి నలుగురూ ఒక్కసారి స్టేజీ ఎక్కారు. వాయించిన కొద్ది పాటల్లో టైటిల్ సాంగ్ ఒకటి. ఇక్కడ లేనివాళ్ళందరి కోసం, ముఖ్యంగా సిడ్ కోసం అని వాటర్స్ చెప్పి మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది సిడ్ పోయాడు. 2008 సెప్టెంబర్‌లో రైట్ పోయాడు.

ఆల్బమ్ మొత్తంలో సరిగ్గా పేరు రానివాడు ఎవరంటారు?

ఇది నేనే అడిగించుకున్న ప్రశ్న. రైట్. అందరూ గిల్మర్ గిటార్ అంటారు, వాటర్స్ ఆలోచన అంటారు. ఆ రెండూ నిలబడి ఉన్న నేల రైట్‌ది. నమ్మకపోతే చివరి మూడు నిమిషాలు వినండి. తొమ్మిది భాగాల 'షైన్ ఆన్'లో చివరి భాగం రైట్ ఒక్కడే కట్టింది. మాటలు అయిపోయాయి, గిటార్ తప్పుకుంది, కీబోర్డులు నెమ్మదిగా శవయాత్రలా నడుస్తుంటాయి.

శబ్దం తగ్గిపోతుండగా సింథసైజర్ మీద సన్నగా ఇంకో పాట ముక్క వినిపిస్తుంది. 1967లో సిడ్ రాసి పాడిన 'సీ ఎమిలీ ప్లే' వరస అది. ఎక్కడా చెప్పలేదు, కవర్ మీద రాయలేదు. ఆ తర్వాత వచ్చే చివరి కార్డ్ జి మేజర్, అంటే మైనర్ దిగులు తీసేసిన వెలుతురు. మొదటి నిమిషం నుంచి పట్టుకుని వచ్చిన సాధారణ గాంధారం ఆ ఒక్కచోట అంతర గాంధారం అవుతుంది. అప్పటికే శబ్దం బాగా తగ్గిపోయి ఉంటుంది, వాల్యూమ్ పెంచుకోవాలి.